ఒంట్లోని వంటశాల

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు మాకు మొదట తోచింది అందరూ రాసేదే. ట్రంకు పెట్టెలు, ఆదివారం కోడికూర, స్టడీ అవర్లో కునికిపాట్లు, వార్డెన్ సారు కేకలు. అవి మాకంటే బాగా రాసే అన్నలు ఉన్నారు, ప్రతి సంచికలోనూ రాస్తున్నారు. మేము ఎం.ఎస్సీ.లో చదువుతున్నది జీవరసాయన శాస్త్రం. అందులో మమ్మల్ని రాత్రిళ్ళు నిద్రపోనివ్వని విషయం ఒకటుంది. కణం తన దగ్గరున్న జన్యు సమాచారాన్ని చూసుకొని మాంసకృత్తులను ఎట్లా తయారుచేసుకుంటుంది అన్నదే ఆ విషయం. ఇంటర్మీడియట్ పిల్లలకు ఇది పరీక్షలో వచ్చే పెద్ద ప్రశ్న. మాకు మాత్రం ఇది ఆరో నంబరు గదిలో కిటికీ పక్క మంచం మీద ముడుచుకొని పడుకున్న మా స్నేహితుడి మోకాళ్ళ నొప్పి. తన గురించి రాయవచ్చన్నాడు, పేరు మాత్రం వద్దన్నాడు. కాబట్టి వాడిని 'మావాడు' అనే అంటాం.

ముందు మాంసకృత్తులు అనే మాట సంగతి. ఈ పేరు పెట్టిన పెద్దలను తప్పు పట్టలేము గాని, దీనివల్ల మన ఇళ్ళల్లో ఒక అపోహ ఉండిపోయింది. సెలవుల్లో మా అమ్మకు పాఠం చెప్పబోతే, "మాంసం తిననోళ్ళకు అవి ఉండవా మరి?" అని అడిగింది. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది మేమే మొదలు కాబట్టి అమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పే బాధ్యత కూడా మాదే. ఉంటాయి. వెంట్రుకా మాంసకృత్తే, గోరూ మాంసకృత్తే. అన్నం ముద్ద ఎక్కువసేపు నమిలితే తియ్యగా అనిపించడానికి కారణమైన లాలాజలంలోని అమైలేజు, షుగరు ఉన్నవాళ్ళు సూదితో వేసుకునే ఇన్సులిన్, జ్వరం తెచ్చే క్రిములతో పోరాడే యాంటీబాడీలు, నెత్తురుకు ఎర్రరంగునిచ్చే హిమోగ్లోబిన్, అన్నీ అవే. చూడటానికి ఇన్ని రకాలు గాని, ఇవన్నీ అమైనో ఆమ్లాలనే పూసలను గుచ్చిన దండలు. పూసలు 20 రకాలే. ఏ పూస తరువాత ఏ పూస అన్నదాన్ని బట్టే అది వెంట్రుక అవుతుందో ఇన్సులిన్ అవుతుందో తేలుతుంది.

మరి ఆ వరస ఎక్కడ రాసి ఉంటుంది? ఇది మన హాస్టల్ పిల్లలకు అర్థమైనంత సులభంగా ఇంకెవరికీ కాదని మా నమ్మకం. ఆఫీసు గదిలో ఇనుప బీరువా ఉంటుంది కదా. అందులో స్టాకు రిజిస్టరు, మెనూ పట్టిక. ఆ రిజిస్టరును వంటగదిలోకి పోనివ్వరు. అక్కడ పొగ, నూనె, నీళ్ళు. ఆ పూటకు కావలసింది మాత్రం సారు ఒక చీటీ మీద రాసి పంపిస్తారు. వంట చేసే పెద్దమ్మ ఆ చీటీ ప్రకారం వండుతుంది. కామాటి స్టోరు గదిలోంచి ఒక్కొక్క సరుకూ తెచ్చి అందిస్తాడు. పూట గడిచాక చీటీ పొయ్యిలోకి పోతుంది.

కణంలో బీరువా పేరు కేంద్రకం. రిజిస్టరు డీఎన్ఏ. అమ్మ నుంచి వచ్చిన ప్రతి ఒకటి, నాన్న నుంచి వచ్చిన ప్రతి ఒకటి, ఒక్కోదానిలో సుమారు 300 కోట్ల అక్షరాలు. కంటికి కనిపించని ఒక్క కణంలో ఉన్న ఈ దారాన్ని సాగదీసి కొలిస్తే 2 మీటర్ల వరకు వస్తుంది. రాతంతా నాలుగే అక్షరాలతో: ఏ, టీ, జీ, సీ. మాంసకృత్తులకు సంబంధించిన జన్యువులు 20 వేల దాకా ఉన్నా, వాటిలో పూసల వరసను చెప్పే రాత మొత్తం రిజిస్టరులో నూటికి రెండు వంతులు కూడా ఉండదు. మిగతాదంతా ఏమిటన్నది పెద్ద కథ, దాన్ని ఇక్కడ వదిలేద్దాం.

చీటీ రాయడాన్ని మన తెలుగు అకాడమీ పుస్తకాల్లో అనులేఖనం అన్నారు. చీటీ చూసి వండటాన్ని అనువాదం అన్నారు. ఇంటర్ తెలుగు మీడియంలో ఈ రెండు మాటలూ బట్టీ పట్టి, డిగ్రీలో ఇంగ్లీషు మీడియం క్లాసులో కూర్చున్న మొదటి నెల బిక్కమొహం వేసుకున్నవాళ్ళలో మేమూ ఉన్నాం. కానీ ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఆ పేర్లు ఎంత ఒద్దికగా కుదిరాయో అనిపిస్తుంది. అనులేఖనంలో భాష మారదు. డీఎన్ఏ అక్షరాలనే ఆర్ఎన్ఏ అక్షరాలుగా దించుకోవడం అది. టీకి బదులు యూ రాస్తారు, అంతే తేడా. పక్కవాడి నోట్సు ఎక్కించుకోవడం లాంటిది. అనువాదంలో భాషే మారిపోతుంది. నాలుగు అక్షరాల భాష నుంచి ఇరవై పూసల భాషకు.

ఇక్కడ మన వంటగది పోలిక కొంచెం తప్పుతుంది, చెప్పాలి. సారు రాసిన చీటీని మధ్యలో ఎవరూ కత్తిరించరు. మన కణాల్లో మాత్రం చీటీ కేంద్రకం దాటకముందే అందులోని అనవసరపు ముక్కలను కత్తిరించి, పనికొచ్చే ముక్కలను అతికించి పంపుతారు. 'పంపుతారు' అన్నాం గాని, అక్కడ ఎవరూ లేరు. సారూ లేరు, పెద్దమ్మా లేదు. ఒకదానికొకటి అతుక్కునే, విడిపోయే అణువులే అంతా చేస్తాయి. మొదటిసారి ఇది అర్థమైన రోజు మాకు కొంచెం భయం కూడా వేసింది.

వండే చోటు పేరు రైబోసోమ్. అది చీటీని మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. మూడే ఎందుకంటే లెక్క చూడండి. ఒక్కో అక్షరానికి ఒక్కో పూస అంటే నాలుగు పూసలకే పేరుంటుంది. రెండేసి అయితే 16. ఇరవైకి చాలవు. మూడేసి అయితే 64, సరిపోను మిగులుతాయి. 61 మాటలు పూసలకు పోగా, మూడు మాటలు 'ఇక ఆపు' అని చెబుతాయి. ఒకే పూసకు నాలుగైదు మాటలు కూడా ఉంటాయి. గుఱ్ఱం అని రాసినా గుర్రం అని రాసినా వచ్చేది ఆ జంతువే కదా, అట్లాగన్నమాట. మొదలుపెట్టే మాట ఏ-యూ-జీ. దాని పూస మిథియోనిన్. కాబట్టి ప్రతి దండా దాదాపుగా మిథియోనిన్‌తోనే మొదలవుతుంది, తరువాత చాలాసార్లు ఆ మొదటి పూసను తీసేస్తారు.

సరుకు అందించే కామాటి పేరు టీ-ఆర్ఎన్ఏ. దానికి ఒక కొసన మూడక్షరాలను గుర్తుపట్టే భాగం, ఇంకో కొసన పూస. చీటీ మీది మాటకు తన మాట జత కుదిరితేనే నిలబడుతుంది. కుదరకపోతే వెళ్ళిపోతుంది, ఇంకోటి వస్తుంది. అట్లా మనిషి కణంలో ఒక రైబోసోమ్ సెకనుకు సుమారు ఐదు పూసలు గుచ్చుతుంది. బ్యాక్టీరియాలో అయితే ఇంకా వేగం, పదిహేను ఇరవై దాకా. మరి ఏ కామాటి చేతిలో ఏ పూస పెట్టాలో ఎవరు చూస్తారు? దానికి 20 రకాల ఎంజైములున్నాయి. పాఠ్యపుస్తకాల్లో వీటిని ఒక్క లైనులో దాటేస్తారు గాని మా దృష్టిలో అసలైన అనువాదకులు ఇవే. రెండు భాషలూ తెలిసింది వీటికే. కామాటికి అక్షరాలు తెలుసు గాని తన చేతిలో ఉన్నది ఏ పూసో తెలియదు. డిగ్రీ మొదటి సంవత్సరంలో ఇంగ్లీషు పాఠాన్ని రాత్రి పదింటికి మాకు తెలుగులో చెప్పిన సీనియర్ అన్నను మేము ఈ పాఠం చదివిన ప్రతిసారీ తలుచుకుంటాం.

ఈ భాషను చదవడం ఎవరు నేర్పారన్నది కూడా హాస్టల్ పిల్లలకు తెలియాల్సిన సంగతి. 1961 మే నెలలో అమెరికాలో నిరెన్‌బర్గ్, మథాయ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు బ్యాక్టీరియాను నూరిన రసంలో యూ-యూ-యూ అని ఒకటే అక్షరమున్న చీటీని వేశారు. ఫినైల్ అలనిన్ అనే ఒకే పూసతో దండ తయారైంది. అంటే యూ-యూ-యూ అన్న మాటకు ఆ పూస అని అర్థం. అదే మొదటి మాట. తరువాత ఆ నిఘంటువును పూర్తిచేయడంలో పెద్ద చెయ్యి వేసినవాడు హరగోవింద్ ఖొరానా. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న పంజాబులో రాయపూర్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. నూరు మంది ఉండే ఊరు. తండ్రి పట్వారీ. ఊరంతటిలో చదువు వచ్చిన ఇల్లు దాదాపుగా వాళ్ళదొక్కటే. మొదటి నాలుగు తరగతులు చెట్టు కింద చదివాడు. ఆయన ఏ అక్షరం తరువాత ఏ అక్షరం రావాలో తానే నిర్ణయించి చీటీలను తయారుచేశాడు. యూ-సీ-యూ-సీ అని వరసగా రాస్తే సెరిన్, ల్యూసిన్ ఒకదాని తరువాత ఒకటిగా గుచ్చుకున్నాయి. 1966 నాటికి 64 మాటల అర్థం తెలిసిపోయింది. 1968లో నిరెన్‌బర్గ్, హోలీలతో పాటు ఆయనకు నోబెల్ వచ్చింది. వండే చోటు, అంటే రైబోసోమ్, ఎట్లా ఉంటుందో అణువణువునా చూపించినందుకు 2009లో నోబెల్ పంచుకున్న ముగ్గురిలో చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్ ఒకరు. ఆయన మొదట చదివింది భౌతికశాస్త్రం. గ్రూపు మార్చుకుంటే బతుకు పోయిందని ఏడ్చే తమ్ముళ్ళ కోసం ఇది రాశాం.

మన తెలుగువాడి మాట కూడా ఒకటి చెప్పి ముందుకు పోతాం. పూసను కామాటి చేతికి ఎక్కించాలంటే ఏటీపీ అనే శక్తి ఖర్చవుతుంది. ఆ ఏటీపీని 1929లో కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కినవాడు. తరువాత లెడర్లీ కంపెనీలో ఆయన పరిశోధనలకు నాయకత్వం వహిస్తుండగా అక్కడ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో బయటికి వచ్చింది. టెట్రాసైక్లిన్ మందుల్లో అదే మొదటిది. ఆ మందులు చేసే పని ఏమిటో తెలుసా? బ్యాక్టీరియా వంటగది గుమ్మంలో అడ్డంగా నిలబడి కామాటిని లోపలికి రానివ్వవు. వంట ఆగిపోతుంది. మన వంటగది గుమ్మం కొలతలు వేరు, కాబట్టి మనకు పెద్దగా ఏమీ కాదు. జ్వరమొస్తే గోలీ మింగి పడుకుంటాం గాని, లోపల ఇంత జరుగుతుంది.

ఇప్పుడు పప్పు సంగతికి వద్దాం. 20 పూసల్లో తొమ్మిదింటిని మన శరీరం తయారుచేసుకోలేదు. తిండిలోంచే రావాలి. బియ్యంలో లైసిన్ అనే పూస తక్కువ. పప్పులో లైసిన్ బాగా ఉంటుంది, కానీ మిథియోనిన్ తక్కువ. బియ్యంలో ఆ మిథియోనిన్ ఉంటుంది. రెండూ కలిపి తింటే ఒకదాని లోటు ఒకటి తీరుస్తుంది. మన పెద్దలు ఏ ప్రయోగశాలా లేకుండా పప్పన్నం అన్నారు. మరి పప్పు నీళ్ళు నీళ్ళుగా ఉంటే? ఏ-ఏ-ఏ అన్న మాట దగ్గర రైబోసోమ్ ఆగుతుంది. అది లైసిన్‌ను అడిగే మాట. కామాటి ఖాళీ చేతులతో వస్తే పని నడవదు. కణం దాన్ని గుర్తుపట్టి మొత్తం వంటనే తగ్గించేస్తుంది. బియ్యం మూటల్లాగా అమైనో ఆమ్లాలను రేపటికని నిలవ చేసుకునే స్టోరు గది మన ఒంట్లో లేదు. అంతగా కావాలంటే సొంత కండను కరిగించుకోవాలి.

మేము చదివిన ఒక హాస్టల్లో కొన్నాళ్ళు గిన్నె అడుగున ఊరి పేరు చదువుకోగలిగేటంత పల్చటి పప్పు తిన్నాం. ఏ హాస్టల్ అన్నది వద్దు. 2015 జనవరి నుంచి తెలంగాణ హాస్టళ్ళకు సన్నబియ్యం వచ్చాయి. అన్నం తెల్లగా, పొడిపొడిగా అయింది. మేమంతా చప్పట్లు కొట్టాం. సన్నబియ్యంలోనూ లైసిన్ తక్కువే అన్నది అప్పటికి మాకు తెలియని సంగతి. పదమూడు నుంచి పదిహేనేళ్ళ మగపిల్లవాడికి రోజుకు సుమారు 45 గ్రాముల మాంసకృత్తులు కావాలని మన దేశపు వైద్య పరిశోధన మండలి 2020లో లెక్క చెప్పింది. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములు. గుడ్డులో అన్ని పూసలూ తగుపాళ్ళలో ఉంటాయి. అందుకని ఫుడ్ కమిటీలో ఉన్న తమ్ముళ్ళకు మా మాట ఇదే: స్వీటు తగ్గినా సర్దుకోండి, పప్పు చిక్కదనం దగ్గర, గుడ్ల లెక్క దగ్గర మాత్రం మొహమాటపడకండి. అది రుచి గొడవ కాదు. ఎదిగే వయసులో ఎముక, కండ, నెత్తురు తయారయ్యే గొడవ.

ఇక మావాడి దగ్గరికి. వాళ్ళ ఊరు పాత ఆదిలాబాద్ జిల్లాలో మహారాష్ట్ర సరిహద్దు పక్కన. ఏడో తరగతిలో మా గదికి వచ్చాడు. కబడ్డీలో కూతకు పోతే దొరికేవాడు కాదు, కానీ రెండు కూతలకే రొప్పేవాడు. డిసెంబరు వస్తే వాడికి గండం. తెల్లవారుజామున ఐదింటికి తొట్టి దగ్గర చన్నీళ్ళ స్నానం చేసి వచ్చాక కొన్ని రోజులు మోకాళ్ళు, మోచేతులు, వీపు పట్టుకొని మంచం మీద మెలికలు తిరిగేవాడు. కళ్ళు పచ్చగా ఉండేవి. మేము గదిలో వాళ్ళం వంతులు వేసుకొని వాడికి కొబ్బరినూనె రాసి, పెద్దమ్మను అడిగి వేడినీళ్ళు తెచ్చి కాపడం పెట్టేవాళ్ళం. ఒక ఆసుపత్రిలో కీళ్ళవాతం అన్నారు. ఒకచోట కామెర్లన్నారు, పసరు మందు పోయించారు. ఇంకోచోట చూసినాయన చదువు ఎగ్గొట్టడానికి నాటకం ఆడుతున్నాడని మా ముందే అన్నాడు. మావాడు ఏమీ అనలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మాత్రం, "నాటకం గిట్ల ఉంటదారా?" అని అడిగాడు. దాంట్లో తొమ్మిదో తరగతి ఒక సంవత్సరం పోయింది.

2019లో ఒక కాలేజీ క్యాంపులో రక్తం తీసి పరీక్ష చేస్తే తేలింది. సికిల్ సెల్. తెలుగులో కొడవలి కణ రక్తహీనత అంటారు.

హిమోగ్లోబిన్‌లో నాలుగు దండలుంటాయి. రెండు ఆల్ఫా, రెండు బీటా. బీటా దండలో 146 పూసలు. ఆరో పూస గ్లుటామిక్ ఆమ్లం. దాని మాట జీ-ఏ-జీ. మావాడి రిజిస్టరులో ఆ చోట జీ-టీ-జీ అని ఉంది. మధ్య అక్షరం ఒక్కటి మారింది. 'పలక' అని రాయాల్సిన చోట 'పిలక' అని పడ్డట్టు. రైబోసోమ్‌కు దాంతో నిమిత్తం లేదు. చీటీలో ఏముంటే అదే గుచ్చుతుంది. వేలిన్ అనే పూస వచ్చి కూర్చుంటుంది. గ్లుటామిక్ ఆమ్లానికి నీళ్ళంటే ఇష్టం, వేలిన్‌కు గిట్టదు. ఆక్సిజన్‌ను వదిలిపెట్టినప్పుడు ఈ వేలిన్ నీళ్ళకు ఎడంగా పక్క హిమోగ్లోబిన్‌లోని ఒక గుంటలోకి దూరుతుంది. అది ఇంకోదానికి అతుక్కుంటుంది. అట్లా కణం లోపల పుల్లలు పుల్లలుగా కట్టుకుపోయి, గుండ్రంగా మెత్తగా ఉండాల్సిన ఎర్రకణం వంగి కొడవలి అవుతుంది. సన్నని రక్తనాళంలో అడ్డం పడుతుంది. దాని అవతలి ఎముకకు గాలి అందదు. అదే మావాడి మోకాళ్ళ నొప్పి. చలి, ఒంట్లో నీళ్ళు తగ్గడం, విపరీతంగా అలసిపోవడం, ఇవన్నీ దాన్ని రేపుతాయి. చన్నీళ్ళ తొట్టికీ ఆ నొప్పికీ ఉన్న లంకె అప్పుడు తెలిసింది.

ఒక ఎర్రకణంలో దాదాపు 27 కోట్ల హిమోగ్లోబిన్‌లు ఉంటాయి. అన్నింటిలోనూ ఆ తప్పు పూసే. పైగా ఎర్రకణం పెద్దదయ్యాక తన కేంద్రకాన్ని బయటికి నెట్టేస్తుంది. రిజిస్టరు లేదు, కొన్నాళ్ళకు వంటగదీ ఉండదు. ఇక దిద్దుకునే దారి లేదు, ఉన్నదానితోనే తిరగాలి. మామూలు ఎర్రకణం 120 రోజులు బతికితే కొడవలి కణం పది ఇరవై రోజులే. అందుకే నెత్తురు తక్కువ, అందుకే కళ్ళ పసుపు. ఐరన్ గోలీలు ఎన్ని మింగినా ఆ అక్షరం మారదు.

ఈ కణాలను మొదట రాసిపెట్టింది 1910లో చికాగో వైద్యుడు హెరిక్. జబ్బు అణువులోనే ఉందని 1949లో లైనస్ పౌలింగ్ బృందం చూపించింది. తేడా ఒక్క పూసదేనని 1956, 1957లలో కేంబ్రిడ్జిలో వెర్నన్ ఇంగ్రామ్ పట్టుకున్నాడు. పౌలింగ్ చేసిన పద్ధతినే మేము ఎం.ఎస్సీ. ప్రాక్టికల్స్‌లో చేశాం. రక్తం నుంచి తీసిన హిమోగ్లోబిన్‌ను పట్టీ మీద పెట్టి కరెంటు పంపిస్తే, ఋణావేశం ఎక్కువున్నది ముందుకు పోతుంది. మావాడు ఆ రోజు పనిమీద ఊళ్ళోకి వచ్చి ఉన్నాడు. సంగతి చెబితే, మేడం అనుమతితో తానే వేలు చాపి రక్తం ఇచ్చాడు. మా రక్తం గీత ముందుకు జరిగింది. వాడి గీత ఒక వేలు వెడల్పు కూడా లేని దూరంలో వెనక ఆగిపోయింది. వాడు వంగి చాలాసేపు చూసి, "గింతేనా? చదువుల గింతే ఎనకపడితే బాగుండు" అన్నాడు. అందరం నవ్వాం. మేడం కూడా.

ఈ అక్షరం అమ్మ ప్రతిలోనూ నాన్న ప్రతిలోనూ రెండింట్లో మారితేనే జబ్బు. ఒక్క ప్రతిలోనే మారితే మామూలుగా జబ్బేమీ ఉండదు, వాళ్ళను వాహకులంటారు. అంతేకాదు, వాహకులైన పిల్లలకు ప్రాణాంతకమైన మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుందని 1954లో ఆంథొనీ ఆలిసన్ ఆఫ్రికాలో చూసి చెప్పాడు. మలేరియా ఉన్న అడవి ఊళ్ళల్లో ఈ అక్షరం చెరిగిపోకుండా నిలబడింది అందుకే. గోండు, కోయ గూడేల్లో, విదర్భలో దళితుల్లో, ఇంకా చాలాచోట్ల ఉంది. ఇది ఎవరి పాపమూ కాదు, శాపమూ కాదు. మావాడి తల్లిదండ్రులిద్దరూ వాహకులు. అట్లాంటి ఇద్దరికి కలిగే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు, వాహకులయ్యేది సగం, ఏమీ లేకుండా పుట్టేది ఇంకో నాలుగో వంతు. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి ఇక రెండోవాళ్ళకు రాదని ఊళ్ళో అనుకుంటారు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్ళీ మొదటి నుంచే.

మందు లేదా అంటే, ఉంది. తల్లి కడుపులో ఉన్నప్పుడు మనందరికీ బీటా దండ బదులు గామా అనే దండతో వేరే హిమోగ్లోబిన్ తయారవుతుంది. పుట్టిన కొన్ని నెలలకు ఆ జన్యువు దాదాపు మూతపడుతుంది. అందుకే ఈ జబ్బు పిల్లలు పుట్టగానే బయటపడదు. హైడ్రాక్సీయూరియా అనే గోలీ చాలామందిలో ఆ పాత వంటను కొంత మళ్ళీ మొదలుపెట్టిస్తుంది. మావాడు డాక్టరు చెప్పిన ప్రకారం, ఎప్పటికప్పుడు రక్తపరీక్ష చేయించుకుంటూ అది వాడుతున్నాడు. నొప్పి వచ్చే రోజులు బాగా తగ్గాయి. 2023 చివర్లో బ్రిటన్, అమెరికా ఇంకో చికిత్సకు అనుమతిచ్చాయి. మూలుగలోని కణాలను బయటికి తీసి, గామా జన్యువుకు మూత వేసే ఏర్పాటును కత్తిరించి, మళ్ళీ ఒంట్లోకి ఎక్కిస్తారు. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. ఆ అంకెను రూపాయల్లోకి మార్చి చెబితే మావాడు, "మా మండలం మొత్తం కొనచ్చు" అన్నాడు. తరువాత కాసేపాగి, "అంటే మంచిది వండే రాత నా దగ్గర మొదటి నుంచీ ఉందన్నమాట, మూసి పెట్టుకున్న" అన్నాడు. అవును, ఉంది.

కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌ను మొదలుపెట్టింది. నలభై ఏళ్ళ లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేసి, ఫలితం కార్డు మీద రాసివ్వాలన్నది లక్ష్యం. జబ్బున్న ప్రాంతాల నుంచి వచ్చిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు సెలవులకు పోయినప్పుడు ఆ పరీక్ష చేయించుకోండి. చలికాలంలో కీళ్ళు పట్టుకొని పడుకునే పిల్లవాడు మీ గదిలో ఉంటే వాడికి వేడినీళ్ళివ్వండి, తాగడానికి బాటిల్ నింపి పక్కన పెట్టండి, పెద్ద ఆసుపత్రిలో సికిల్ సెల్ పరీక్ష అని పేరు పెట్టి అడగండి. జ్వరం, ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే తెల్లవారేదాకా ఆగవద్దు, ఆ రాత్రే తీసుకుపోండి.

మావాడి చెల్లెలికి ఈ ఏడాది సంబంధం చూస్తున్నారు. చెల్లెలు వాహకురాలు, ఆరోగ్యంగా ఉంది, నర్సింగ్ చదువుతోంది. సంబంధం మేనరికమే, మేనమామ కొడుకు. అంటే తల్లి వైపు నుంచి ఆ అక్షరం అతని దగ్గరికి కూడా వచ్చి ఉండవచ్చు. పరీక్ష మాట ఎత్తితే మామ, "మా పోరనికి ఏం రోగమున్నదని?" అని లేచిపోయాడట. చెల్లెలే బావకు ఫోన్ చేసి, ఒక కాగితం మీద నాలుగు గళ్ళు గీసి ఫోటో తీసి పంపి, అరగంట మాట్లాడిందట. ఆ గళ్ళు ఎట్లా గీయాలో మావాడు మమ్మల్ని అడిగి నేర్చుకొని చెల్లెలికి నేర్పాడు. మొన్న సోమవారం బావ ఎవరికీ చెప్పకుండా బండి వేసుకొని పోయి రక్తం ఇచ్చి వచ్చాడు. రిపోర్టు ఇంకా రాలేదు.